పూర్వపు చిన్న పట్టణములు - వాని పురపాలక సంఘములు



మీరు ఏదో యొక పనిమీద పట్టణమునకు వచ్చినప్పుడు పురపాలక సంఘ కార్యాలయమును చూచియే యుందురు. గోడలకు పూర్వపు అధ్యక్షుల పటములు, బల్లలమీద దస్త్రములు, వరండాలో అర్జీలు పట్టుకొని నిలిచిన జనము. లోపల నేవో గొప్ప రాజకార్యములు జరుగుచున్నవని దూరమునుండి చూచువారికి తోచును. కాని పూర్వము చిన్న పట్టణముల సంఘములు చేసిన పనులను విచారించినచో అవి మన యింటిపనుల వంటివే: వాకిలి ఊడ్చుట, దీపము పెట్టుట, నీరు సమకూర్చుట, పద్దు వ్రాయుట. ఇల్లాలు ఒక యింటికి చేయుదానిని సంఘము వేలకొలది యిండ్లకు చేయవలెను. అయితే ఇల్లాలు వ్యయపెట్టునది తన యింటి సొమ్ము. సంఘము వ్యయపెట్టునది పరుల సొమ్ము. సంఘముల మంచిచెడ్డలన్నియు ఈ భేదమునుండియే పుట్టినవని నా యభిప్రాయము. నేడు దానినిగూర్చియే నాలుగు మాటలు మనవిచేసెదను.

మన తీరమందు ఈ సంఘములు మిగుల పాతవి. విశాఖపట్టణమునకు చేరువనున్న భీమునిపట్టణములో 1861లోనే పురపాలక సంఘ మేర్పడెను. 1865లో చెన్నరాజధానిలో పట్టణాభివృద్ధి చట్టము పుట్టిన పిమ్మట, 1866లో గుంటూరు, రాజమహేంద్రవరము, కాకినాడ, మచిలీపట్టణములకును సంఘములు వచ్చినవి. మొదటి దినములలో సభ్యులను ప్రభుత్వమువారే నియమించుచుండిరి. పట్టణపు పోలీసువారి ఖర్చులో పెద్దభాగమును కూడ సంఘమే భరింపవలసి యుండెను. ఆ భారమును 1871 నాటి చట్టము తొలగించెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేసెను. దాని ననుసరించి వచ్చిన 1884 చట్టము సభ్యులలో నాలుగింట మూడువంతులవరకు పన్ను చెల్లించువారే ఎన్నుకొనుటకు త్రోవ చూపెను. పన్ను చెల్లించనివానికి ఓటు లేదు. అందుచేత వీధులూడ్చు కూలివానికి ఆ వీధులనుగూర్చి చెప్పుటకు నోరు లేకపోయెను. ఈ మాట మరువరాదు.

మా తాతగారు ఒక చిన్న పట్టణమున కొన్ని సంవత్సరములు కౌన్సిలరుగా నుండిరి. వారి చివరి దినములలో నేను చెంత కూర్చుండి యడుగగా సభాదినముల ముచ్చటలు చెప్పుచుండెడివారు. సభలో చర్చకు వచ్చు విషయము లెట్టివనుకొందురు? కూరగాయల అంగడి గుత్త ఎవరికి వేలములో పోయినది. ఫలానా వారి అరుగు వీధిలోనికి ఎన్ని యడుగులు చొచ్చుకొని వచ్చినది. టీకాలు వేయువాడు ఏ పేటకు పోలేదు. చెత్తబండి యెద్దు ముసలిదైనది, క్రొత్తది కొనవలెనా వద్దా. ఇంటిపన్ను తగ్గింపుమని పెట్టుకొన్న అర్జీలు. అరుగు తగాదా వచ్చిన దినమున దీపాలు పెట్టువేళ దాటినను సభ ముగియదట! రాజ్యములనుగూర్చి మాట్లాడుటకు పండితులు దొరకుదురు గాని, మురుగుకాలువ వాలు ఎటుండవలెనో తేల్చుట కష్టమని తాతగారు నవ్వుచు చెప్పుచుండిరి.

అన్నిటిలోను వీధిదీపములకథ వినదగినది. విద్యుచ్ఛక్తి రాకముందు వీధి మలుపులలో స్తంభములు నాటి, వానిమీద గాజుపలకల లాంతరులు నిలిపెడివారు. సాయంకాలమున ఒక మనిషి నిచ్చెన భుజమున వేసికొని, కిరసనాయిలు డబ్బా చేతబట్టి, స్తంభము స్తంభమునకు పోయి గాజు తుడిచి, వత్తి కత్తిరించి, నూనె పోసి వెలిగించును. నూనెకు లెక్క కలదు. వెన్నెల రాత్రులలో దీపములు వెలిగింపక నూనె మిగుల్చుట పలుచోట్ల వాడుక. మబ్బుపట్టిన పున్నమినాడు పట్టణమంతయు చీకటియే!

ఒకప్పుడు మా తాతగారి పట్టణమందు క్రొత్తగా కొన్ని దీపములు మంజూరైనవి. ఊరి చివర సాలెపేటవారు తమ మంచినీటి బావియొద్ద నొకటి నిలుపుమని అర్జీ పెట్టుకొనిరి. సభలో ఆ అర్జీ చదువబడెను. పిమ్మట దీపము లెక్కడ నిలిచినవి? సభ్యుల వీధులలో నిలిచినవి. అందొకటి మా తాతగారి గుమ్మమునకు ఎదుటనే నిలిచెను. వారును చేయెత్తిరి. ఆ సంవత్సరమే ఒక చీకటిరాత్రి ఒక ముసలమ్మ బావిమెట్లమీద జారిపడి చేయి విరుగగొట్టుకొన్నది. మరునాడు ఆమె కుమారుడు వచ్చి కోపపడలేదు, తిట్టలేదు. “బాబయ్యగారూ, పన్ను రసీదు మాయొద్దను ఉన్నది. దీపము మాత్రము మీయొద్ద నున్నది” అని మాత్ర మనెనట. తరువాతి సభలో తాతగారు తమ గుమ్మము ముందరి స్తంభమును పెరికించి బావియొద్దకు పంపించిరి. కాని విరిగిన చేయి మరల సరిగా అతుకలేదు. ఎనుబదియేండ్ల వయస్సున ఈ సంగతి చెప్పునప్పుడుకూడ వారు నా ముఖము చూడలేకపోయిరి.

ఇక సొమ్ము సంగతి. ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్లమీదను పశువులమీదను పన్ను, నీటికొళాయిలున్న చోట నీటిపన్ను, అంగడి గుత్తలు - ఇవి సంఘమునకు రాబడులు. వీనితో పాటు గ్రామస్థులమైన మనము కూడ చెల్లించిన దొకటి యుండెను, అది టోలుగేటు. ధాన్యపు బండి పట్టణములో అడుగుపెట్టవలెనన్న గేటుకడ రుసుము చెల్లింపవలెను. పట్టణపు బాటకు పల్లెటూరి యెద్దు పన్ను కట్టినదన్నమాట. 1931లో మోటారు బండ్లపన్ను చట్టము వచ్చినప్పుడు చెన్నరాజధానిలో ఈ గేటులు తీసివేయబడినవి. పన్ను చెల్లింపనివారి చరాస్తిని జప్తుచేయు నధికారము సంఘమునకు ఉండెను. బిల్లుకలెక్టరు వచ్చి చెంబు, తప్పెల పట్టుకొని పోవుటను మించిన అవమానము ఆ కాలపు గృహస్థునకు లేదు.

ఇంత పన్నును సమ్మతితో తీసికొన్న యెడల జనులు సణుగుకొనుచునైనను చెల్లింతురు. సమ్మతి లేకున్న నేమగునో చీరాల చెప్పినది. చీరాల పేరాలలు సుమారు పదునైదువేల జనముగల నేతపని యూళ్లు. యూనియను పంచాయతీ క్రింద సాలుకు దాదాపు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండెను. 1919లో ప్రభుత్వమువారు వానిని పురపాలక సంఘముగా మార్చిరి. పన్ను 40,000 రూపాయల వరకు పెరిగినది. మాకీ సంఘము వలదని జనులు మొరపెట్టుకొనిరి. వినువారు లేకపోయిరి. సభ్యులు రాజీనామాలిచ్చిరి, ప్రభుత్వము జీతముమీద ఛైర్మనును నియమించి పని నడపెను. పన్ను చెల్లింపనివారిలో కొందరు చెరసాలకు పోయిరి. అందొక స్త్రీయు నుండెను. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. పిమ్మట దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులలో నెక్కువభాగము ఇండ్లు విడిచి, పట్టణపు హద్దు దాటి పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, సుమారు పదునొకండు నెలలు ఎండకు ఎండి వానకు తడిసిరి. గోపాలకృష్ణయ్యగారు చెరసాల పాలైరి. చేతిలో సొమ్ము లేక, నాయకుడు లేక, 1922లో జనులు మరల నిండ్లకు వచ్చిరి. పురపాలక సంఘము మాత్రము నిలిచియే యున్నది.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. రామనగరములో ఆ జనులు పెద్దలులేని గుంపుగా నుండలేదు. తగవులు తీర్చుటకు తమలో తామే పంచాయతి నేర్పరచుకొనిరి. దీపము వలదని గాని, వీధి ఊడ్చవలదని గాని వారనలేదు. తమ నడుగక తమ పేర పద్దు వ్రాయుటనే వారు సహింపలేకపోయిరి.

వీధులూడ్చి, పాయిఖానాలు ఎత్తినవారి మాట చెప్పక ముగించుట ధర్మము కాదు. పట్టణపు ఆరోగ్యము వారి చేతులమీదనే నిలిచినది. తలమీద మలపుతట్ట మోసినవారిని అదే పట్టణము అంటరానివారని దూరముగా నిలిపినది. ఆ పనిని నిషేధించుచు 1993లోను, మరల 2013లోను చట్టములు చేయవలసి వచ్చినదన్న, ఆ యన్యాయ మెంతకాలము నడచినదో మీరే యోచింపుడు.

1993లో రాజ్యాంగ సవరణలు అమలునకు వచ్చి, గ్రామ పంచాయతులకును పురపాలక సంఘములకును రాజ్యాంగమందే స్థానము కలిగినది. నేడు పన్నుతో నిమిత్తములేక వయస్సు వచ్చిన ప్రతివారికిని ఓటు కలదు. కావున పూర్వపు సభ్యుల కున్న సాకు మనకు లేదు. దీపము వెలుగవలెనన్న నూనెకు సొమ్ము కావలెను. పన్ను ఎగవేయువానికి చీకటినిగూర్చి మాట్లాడు హక్కు లేదు. అట్లే, పద్దు దాచువానికి పన్ను నడుగు హక్కు లేదు. గ్రామసభ కూడినప్పుడు వచ్చినదెంత, పోయినదెంత అని పద్దు గట్టిగా చదివింపుడు. క్రొత్తదీప మొకటి వచ్చినచో ముందుగా ఊరి చివరి బావికడకు పోయి చూడుడు.

మా తాతగారు తమ చేతులతో పెరికించిన ఆ స్తంభపు గుంత మా గుమ్మము ముందర చాలకాలముండెను. పూడ్పింపుమని ఇంటివా రెన్నిసార్లు చెప్పినను వారు పూడ్పింపలేదు.

సెలవు.