నూతన కల్పనలు - నిర్బంధములు



భిలాయిలో ఇంజనీరింగు చదువుచున్న తెలుగు విద్యార్థులను సాంకేతిక విజ్ఞానమునకు నిర్బంధము ఉండదగునా యని అడిగినచో, పెక్కుమంది తడుముకొనక కూడదందురు. విజ్ఞానము గాలివంటిదనియు, దానికి కంచె వేయుట అన్యాయమనియు వారి వాదము. ఈ వాదమున యౌవనమునకు సహజమగు వేడిమి కలదు. దానిని పెద్దలు చల్లార్చవలసిన పని లేదు. పైగా ఈ పట్టణమే ఆ వాదమునకు కొంత సాక్ష్యము పలుకుచున్నది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ రష్యాతో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. తెలిసినవారు తెలియనివారికి పని నేర్పుటచేతనే కదా, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి పొట్టచేత పట్టుకొని వచ్చిన కుటుంబములు ఇచట ఉక్కు పనివారి కుటుంబములైనవి!

విద్యను దాచుటవలని నష్టము తెలుగువారికి క్రొత్త కాదు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున ఇనుమును మట్టిమూసలలో నుంచి కరగించి మేలైన ఉక్కును తీసెడివారు. దానికై పారశీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి, గ్రామమున బసచేసి, సరకు కొనిపోయెడివారు. ఆ పనితనము తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా వచ్చినదే కాని గ్రంథమునకెక్కలేదు. కొలుములు చల్లారిన పిమ్మట విద్యయు వానితోనే పోయినది. నేటి లోహశాస్త్రజ్ఞులు మిగిలిన చిట్టెమును, మూసల ముక్కలను పరీక్షించి ఆ మర్మమును వెదకుకొనవలసివచ్చినది.

పేటెంటు చట్టము ఈ దాపరికమునకు ఒక విరుగుడు. కల్పన చేసినవాడు తన విధానమును లోకమునకు వెల్లడింపవలెను. ప్రతిగా 20 ఏండ్లు దానిపై అతనికి హక్కు ఉండును. విద్యార్థికి ఇది వర్తకుల యెత్తుగా తోచవచ్చును. కాని లండను నగరమున పగలు పోలీసు న్యాయస్థానమున గుమాస్తాగిరి చేయుచు, రాత్రులు రసాయనశాస్త్ర తరగతులకు పోయిన సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ అను యువకుని తలచుకొనుడు. ముడి ఇనుమునందలి భాస్వరమును తొలగించు ఉపాయమును అతడు 1870ల దశాబ్దమున కనిపెట్టెను. ధనబలము లేని గుమాస్తాకు పెద్ద పెద్ద ఉక్కు కర్మాగారముల యెదుట పేటెంటు కాక వేరు ఆయుధమేది? (ఆఫీసు పనిచేత తీరిక లేదనువారు ఈ గుమాస్తా కథను ఇంటికి పోయిన పిదప మరల తలచుకొనవచ్చును.) అతడు 34 ఏండ్లకే మరణించుట లోకమునకు లోటు.

అయినను ఆ హక్కునకు హద్దు ఉండవలెను. 1970 నాటి మన చట్టము ఔషధములు చేయు పద్ధతికే పేటెంటు నిచ్చినది కాని ఔషధమునకే ఈయలేదు. ఆ వెసులుబాటుతో హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగినది, రోగులకు మందులు చవుకగా దొరికినవి. 2005లో ఆ నియమము మారినది.

ఇక ఒక దేశము మరియొక దేశమునకు విధించు నిర్బంధము వేరు జాతిది. 1991లో క్రయోజెనిక్ ఇంజను విజ్ఞానమునకై మన అంతరిక్ష సంస్థ రష్యాతో ఒప్పందము చేసికొనగా, 1992లో అమెరికా ఆంక్షలు విధించెను. తుదకు రష్యా ఇంజనులను మాత్రమే ఇచ్చి విద్యను ఈయలేదు. స్వదేశీ క్రయోజెనిక్ దశతో జి.ఎస్.ఎల్.వి. విజయవంతముగా ఎగిరినది 2014 జనవరి 5న. నిర్బంధమే మేలు చేసినదని చప్పట్లు కొట్టుట తేలిక. కాని నడుమ గడచిన రెండు దశాబ్దములను ఎవరు తిరిగి యిత్తురు?

ఇట్టి కష్టము భిలాయికిని తెలియును. యుద్ధనౌకకు కావలసిన ఉక్కు సామాన్యమైనది కాదు. అతిశీతలమునందును పెళుసుబారరాదు, అతుకు చక్కగా కుదురవలెను. హైదరాబాదునందలి రక్షణ లోహపరిశోధనశాల అట్టి ఉక్కును రూపొందించినది. భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారములు దానిని తయారుచేసినవి. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళమున చేరిన విక్రాంత్ నౌకకు సుమారు 30,000 టన్నుల ఈ ఉక్కు పట్టినది. తెలుగుదేశపు పరిశోధనయు భిలాయి శ్రమయు ఒక నౌకలో కలిసినవనుట ఈ సభకు ప్రీతిపాత్రమగు సంగతియే.

విద్యార్థి వాదము పూర్తిగా ఓడిపోవుచోటు ఒకటి కలదు. బ్లాస్టు ఫర్నేసునుండి వెలువడు వాయువున కార్బన్ మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్‌లో ఇచటనే ఆ వాయువు లీకై ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ ఇండ్లవారికి నియమములనగా కాగితములు కావు. గాలిని కొలువక లోనికి పోరాదు, ఒంటరిగా పోరాదు, అనుమతిపత్రము లేక పైపును విప్పరాదు అను మాటలు కల్పనకు సంకెలలని ఏ తల్లియెదుట అనగలము? వాయువును ముందుగానే పసిగట్టు చవుకైన పరికరమును రేపు ఈ పట్టణపు విద్యార్థియే కల్పింపవచ్చును. దానినైనను పరీక్షలు ముగిసిన పిదపనే ఫర్నేసు దరికి కొనిపోనిత్తురు.