నడిపి చూడకుండా హైబ్రిడ్ కారు కొన్నా!

ఇవాళ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. షోరూంలో టెస్ట్ డ్రైవ్‌కి మైల్డ్ హైబ్రిడ్ మాత్రమే ఉంది. నాకు కావాల్సింది స్ట్రాంగ్ హైబ్రిడ్. మైలేజీ చూసి, నడపకుండానే బుక్ చేసేశా.

కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సూపర్ అండీ! మెల్లగా పోతుంటే ఇంజిన్ ఆగిపోయి మోటారు మీదే నడుస్తుంది. బ్రేక్ వేస్తే బ్యాటరీ ఛార్జ్ అవుతుంది, ప్లగ్ పెట్టే పనే లేదు. ఓఆర్‌ఆర్ ఎక్కి గట్టిగా తొక్కితే మాత్రం ఇంజిన్ ఒకటే అరుపు, స్పీడేమో నిదానంగా ఎక్కుతుంది. రిపేరు కాదు, ఈ-సీవీటీ తీరే అంత. అలవాటైపోయింది.

అసలు దెబ్బ డిక్కీలో తగిలింది. బ్యాటరీ చోటు తినేసింది, నాన్న వీల్‌చైర్ పట్టలేదు. కారు కొన్నదే ఆయన్ని హాస్పిటల్‌కి తిప్పడానికి! మీరైతే కొనే వేరియంటే తెప్పించమనండి, సామాను డిక్కీలో పెట్టి చూడండి. మేమిప్పుడు వెనక సీటు ఒక పక్క మడిచి వీల్‌చైర్ పెడుతున్నాం. అమ్మ ఆ పక్కనే ఇరుక్కుని కూర్చుంటోంది. "పర్లేదులేరా" అంటుంది గానీ...