డాబా మీది యాంటెనాకు విజ్ఞాన సర్వస్వంలో చోటుందా?

స్నాతకోత్సవంలో దేశభవిష్యత్తు గురించి మాట్లాడడం ఆనవాయితీ. నేను చాలా చిన్న ప్రశ్న ఒకటి తీసుకుంటాను. ఒక ఊళ్లో పాతిక ఇళ్లవాళ్లు కలిసి డాబాల మీద యాంటెనాలు బిగించుకుని, ఏ కంపెనీనీ అడగకుండా, తమ వైర్‌లెస్ నెట్‌వర్క్ తామే నడుపుకుంటున్నారనుకోండి. ఆ బృందం మీద వికీపీడియాలో వ్యాసం ఉండవచ్చా? ఒకరు రాస్తారు, ఇంకొకరు తొలగించాలంటారు. ఇంగ్లీషు వికీపీడియాలో అయితే దాని మీద మామూలుగా వారం రోజులు చర్చ నడుస్తుంది. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, వాదనలు తూస్తారు. ఆ తూకంలో బృందం మంచితనానికి బరువు లేదనీ, దానితో ఏ సంబంధమూ లేనివాళ్లు దాని గురించి ఏం రాసిపెట్టారన్నదే బరువనీ, అది న్యాయమేననీ నా వాదన.

ప్రాజెక్టు వైవాకు బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎందుకు వస్తారో మీకు చెప్పనక్కర్లేదు. మీ గైడ్ అబద్ధమాడతారని ఎవరూ అనరు. మీ పని మీద ఆయనకు మమకారం ఉంటుంది, అంతే. ఈ వైర్‌లెస్ లోకంలోనే దీనికి చక్కటి నిదర్శనం ఉంది. 2001లో అమెరికాలో రాబ్ ఫ్లికెంజర్ అనే ఆయన ప్రింగిల్స్ చిప్స్ డబ్బా లోపల మరలున్న కడ్డీ నిలిపి, దానికి వాషర్లు గుచ్చి, కారుచవకగా వైఫై యాంటెనా చేసి చూపించాడు. ఔత్సాహికులంతా ఆ డబ్బా వెంట పడ్డారు. తర్వాత వేరేవాళ్లు రకరకాల డబ్బాలు తెచ్చి కొలిచి చూస్తే, మామూలు రేకు డబ్బాయే దానికన్నా మెరుగని తేలింది. చేసినవాడి ఉత్సాహం నిజమే, కానీ నమ్మి రాసుకోవలసింది కొలిచినవాడి లెక్క. బృందం సొంత వెబ్‌సైటు, కరపత్రం, సభ్యుడు రాసిన వ్యాసం, ఇవన్నీ గైడ్ వేసిన మార్కులు.

పెద్ద ఉదాహరణ చూద్దాం. స్పెయిన్‌లోని కాటలోనియాలో, ఒసోనా ప్రాంతపు పల్లెల్లో, పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్లకు టెలిఫోన్ కంపెనీలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వలేదు. 2004లో జనమే తలా ఒక లింకు వేసుకుని గిఫి.నెట్ మొదలుపెట్టారు. 2008లో ఫౌండేషన్ ఏర్పడింది. నెట్‌వర్కులో కలిసే బిందువులు, అంటే నోడ్లు, 30 వేలు దాటాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ సంఖ్య చెప్పింది ఎవరు? నెట్‌వర్కే. సరే, పరిశోధన పత్రాన్ని అడుగుదాం. 2015లో ‘కంప్యూటర్ నెట్‌వర్క్స్’ పత్రికలో గిఫి మీద వివరమైన పత్రం వచ్చింది. రచయితల పేర్లు చదివితే అందులో గిఫి స్థాపకుడు రమోన్ రోకా కూడా ఉన్నాడు! పత్రం విలువైనదే, సాంకేతిక వివరాలకు పనికొస్తుంది. ప్రాముఖ్యానికి మాత్రం సాక్ష్యం కాదు. అది తీసేసినా గిఫికి లోటు రాదు. అదే ఏడాది వచ్చిన యూరోపియన్ బ్రాడ్‌బ్యాండ్ పురస్కారం ఉంది, బయటి పరిశోధకులు, పత్రికలు రాసినవి ఉన్నాయి. గట్టిగా ఉన్న విషయం ఇలాంటి కోతలకు తట్టుకుంటుంది.

ఇక నేపాల్‌లోని నాంగీ. ఆ కొండపల్లెకు మహాబీర్ పున్ వైర్‌లెస్ లింకులతో ఇంటర్నెట్ తెచ్చాడు. కొండల మీద చెట్లకే యాంటెనాలు కట్టిన రోజులున్నాయి. నోడ్లు లెక్కపెడితే గిఫి ముందు ఏ మూలకు? అయినా దాని మీద ప్రపంచ పత్రికలు రాశాయి, 2007లో పున్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఇక్కడా ఒక మెలిక ఉంది. పురస్కారం మనిషికి వచ్చింది, నెట్‌వర్కుకు కాదు. కాబట్టి వ్యాసం ఎవరి మీద ఉండాలో మళ్లీ అడగాలి. జర్మనీలో ఫ్రైఫుంక్ అనే ఇలాంటి జనం నెట్‌వర్క్ సంగతి ఇంకో రకం. వైఫైని అందరికీ తెరిచిపెట్టినవాడు అపరిచితుల డౌన్‌లోడ్లకు కూడా బాధ్యుడవుతాడన్న నిబంధన మీద అక్కడ ఏళ్ల తరబడి రచ్చ జరిగింది, 2017లో చట్టం సవరించారు. యాంటెనాల కన్నా ఆ వివాదమే ఫ్రైఫుంక్‌ను పత్రికల్లో నిలబెట్టింది. వాళ్ల దగ్గర పుట్టిన, నెట్‌వర్కులో డేటాకు దారి చూపే బ్యాట్‌మ్యాన్ ప్రొటోకాల్ 2011లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. అలాగని ఆ ప్రొటోకాల్ వాడుకున్న ప్రతి వీధి బృందమూ వ్యాసం అడిగితే, తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వింటుంటాం. మొదటిది, కంప్యూటర్లో కాగితం ఖర్చు లేదు కదా, ఉంటే నష్టమేమిటని. కొమర్రాజు లక్ష్మణరావు గారి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ ఆయన బతికుండగా ‘అ’ అక్షరం దాటలేదు. ఆగింది కాగితం చాలక కాదు, మనుషులూ కాలమూ చాలక. ఇప్పటికీ కొరత అదే. రాసిన ప్రతి పేజీకీ కాపలా కాసేవాళ్లు కావాలి. బృందం మూతపడి, సొంత వెబ్‌సైటు మాయమయ్యాక, ఆ పేజీలో ఉన్నది నిజమో కాదో తేల్చడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు.

రెండో అభ్యంతరం నిజంగా బలమైనది. పత్రికలు బెర్లిన్ గురించి రాస్తాయి, మారుమూల పల్లె గురించి ఎవరు రాస్తారు? ఈ కొలబద్ద ఉన్నవాడికే వడ్డిస్తుంది కదా? వడ్డిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వైద్యం కొలబద్దను విరిచేయడం కాదు, వెతకాల్సిన చోట వెతకడం. పరిశీలించేవాడు ఇంగ్లీషులో పది నిమిషాలు గూగుల్ చేసి ‘ఆధారాల్లేవు’ అంటే అది సోమరితనం. కాటలాన్ పత్రిక కాటలాన్‌లోనే చదవాలి, తెలుగు ఆధారం తెలుగులోనే వెతకాలి. 2005లో మన దేశంలో వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదన్నాక ధర్మశాల కొండల్లో నెట్‌వర్క్ లేచింది, అది బయటివాళ్ల కంటబడింది. అలాంటిదే మన జిల్లాల్లో ఎక్కడైనా జరిగి ఉంటే, ఆ వార్త వచ్చేది జిల్లా ఎడిషన్‌లోనే. ఆ ఎడిషన్ పక్క జిల్లాలోనే దొరకదు, ఏడాది తిరిగేసరికి పొట్లం కాగితమవుతుంది. ఆధారం పుట్టకపోవడం వేరు, పుట్టి పోవడం వేరు. విడి పేజీకి సరిపడా ఆధారం దొరికేవరకు పాతిక ఇళ్ల బృందానికి దాని ఊరి వ్యాసంలో ఆధారమున్న రెండు వాక్యాలు చాలు. రేపు బయటివాళ్లు రాస్తే విడి పేజీ చేయడం క్షణం పని.

కాబట్టి మీ ఊరి పని గురించి పత్రికలో వచ్చిన ముక్క కత్తిరించి దాచుకునేవాళ్లకు ఒక మాట. ఫొటో ఉన్న సగం మాత్రమే కత్తిరించకండి. పేజీ పైనున్న తేదీ, ఎడిషన్ పేరు, పేజీ సంఖ్య కూడా రానివ్వండి. అవి లేకపోతే వెనక పెన్నుతోనైనా రాసిపెట్టండి.