ఖాళీ పోస్టు మిగిల్చే డబ్బు



యువ వైద్యులారా, ఈ రోజు జబ్బుల గురించి కాదు, బడ్జెట్ గురించి మాట్లాడతాను. పట్టా పుచ్చుకునే రోజున ఇదేం గోల అనుకోకండి.

2020 నమూనా నమోదు సర్వే ప్రకారం కేరళలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండా పోయినవాళ్లు ఆరుగురు. మధ్యప్రదేశ్‌లో 43 మంది. ఈ తేడా అంతా డబ్బుదే అనను; కేరళ ఆడపిల్లల చదువుకు అందులో పెద్ద వాటా ఉంది. కానీ మన రాజ్యాంగం ప్రజారోగ్యాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. బీద రాష్ట్రంలో పుట్టిన బిడ్డకు బీద ఖజానాయే దిక్కు.

కేంద్రం ఊరికే కూర్చోలేదు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టి, 18 రాష్ట్రాల మీద ప్రత్యేక దృష్టి అంది. డబ్బు వెళ్లింది. అవసరం ఎక్కువున్న చోటే ఖర్చు కాకుండా మిగిలింది కూడా. మెలిక ఇక్కడే ఉంది. ప్రభుత్వ వైద్యం ఖర్చులో పెద్ద భాగం జీతాలు. డాక్టరు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జీతం బిల్లు ఉండదు. డాక్టరు లేడని రోగులు రారు. ఓపీ పడిపోతే మందుల ఇండెంటు తగ్గుతుంది. మార్చి 31కి నిధులు మురిగిపోతాయి. మరుసటేడు ఆర్థిక శాఖ పాత ఖర్చు చూసి, ఇచ్చిందే వాడుకోలేదు కదా అని కోత పెడుతుంది. ఖాతాలో మాత్రం ఆ ఖాళీ పోస్టు పొదుపు కింద లెక్క!

ఆ పొదుపు ఖరీదు కట్టేది అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకొచ్చే అన్నదమ్ములు. పాడేరుకో, అక్కడా కాదంటే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో చేరేలోగా వాళ్లు పోగొట్టుకున్న కూలి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఎక్కదు. రాష్ట్ర సగటులో వాళ్ల మండలం ఖర్చూ కేజీహెచ్ ఖర్చూ కలిసిపోయి అంతా బాగానే కనిపిస్తుంది.

2017 జాతీయ ఆరోగ్య విధానం 2020 కల్లా రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఇవ్వాలంది. 15వ ఆర్థిక సంఘం అదే మాటను 2022కి జరిపింది. గడువులు జరపడం మనకు బాగా వచ్చు.

మిమ్మల్ని త్యాగం చేయమనను. క్వార్టరు లేదు, కరెంటు నిలవదు, నర్సు పోస్టూ ఖాళీయే. అలాంటి చోటికి పంపి సేవ గురించి ఉపన్యసించడం వేదిక మీది వాళ్లకు తేలిక. ఒక్క లెక్క మాత్రం చూడండి. మీరు చేరితే మీ జీతం ఒక్కటే రాదు, మీ వెనక ఇండెంటూ ల్యాబూ కదులుతాయి.

చేరాక రికార్డులు తీయించండి. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, నిరుడు వెనక్కి పోయిన సొమ్మెంత? ఆ కాగితం పట్టుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్లండి. ఆయన విసుక్కుంటారు. మళ్లీ వెళ్లండి. అయితే ఫిబ్రవరిలో కాదు. బడ్జెట్ ప్రతిపాదనలు అంతకు నెలల ముందే పైకి పోతాయి.