ముడి విప్పని కథ
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'పఠనాభిరుచి' గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే, అందులోనూ మధ్యాహ్నం భోజనాల తర్వాత, సభలో సగం మందికి కునుకు పడుతుందని నాకు తెలుసు. అందుకని ఒక హత్య కేసుతో మొదలుపెడతాను.

హత్య జరిగింది 1993లో. హతుడి పేరు అస్మోడియన్. చంపిందెవరో లోకానికి తెలిసింది 2010లో. మధ్యలో 17 ఏళ్లపాటు వేలాది మంది ఆ కేసును దర్యాప్తు చేశారు. వాళ్లలో ఒక్కరు కూడా పోలీసు కాదు, అందరూ పాఠకులే. ఎందుకంటే ఆ హత్య జరిగింది ఒక నవల చివరి పేజీల్లో.

ఆ నవలల వరుస పేరు 'ది వీల్ ఆఫ్ టైమ్'. మన మాటల్లో కాలచక్రం. యుగాలు వస్తాయి, పోతాయి, మళ్లీ వస్తాయి అన్న ఊహ మీదే కథంతా నడుస్తుంది. అది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఊహే. రాసినాయన అమెరికాలో సౌత్ కరొలైనా రాష్ట్రంవాడు, రాబర్ట్ జోర్డన్. అది కలం పేరు. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చి, భౌతికశాస్త్రం చదువుకుని, ఆ తర్వాత రచయిత అయినవాడు. మొదటి పుస్తకం 1990లో వచ్చింది. అన్నీ కలిపి 14 సంపుటాలు. పాత్రల పేర్లు గుర్తుంచుకోవడానికే ఒక నోటు పుస్తకం కావాలి.

చదవబోయేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక పది నిమిషాలు చెవులు మూసుకోండి. గుట్టు చెప్పేస్తున్నాను.

చీకటి ప్రభువుకు అమ్ముడుపోయిన మహామాంత్రికులు పదముగ్గురు. అస్మోడియన్ వాళ్లలో ఒకడు, సంగీతకారుడు. కథానాయకుడు రాండ్ చేతికి చిక్కి, వేరే దారి లేక అతనికి విద్య నేర్పుతుంటాడు. అయిదో పుస్తకం చివర రాహ్విన్ అనే మరో మాంత్రికుడి మీద రాండ్ దాడి చేస్తాడు. ఆ పోరాటం మొదట్లోనే రాహ్విన్ కురిపించిన పిడుగులకు అస్మోడియన్ చచ్చిపోతాడు. కానీ ఆ లోకంలో ఒక వింత మంట ఉంది. దానితో ఎవరినైనా కాలిస్తే, చావుకు ముందు కొంతసేపు వాడు చేసిన పనులు కూడా జరగనట్టే అయిపోతాయి. రాండ్ ఆ మంటతోనే రాహ్విన్‌ను కాలుస్తాడు. దాంతో అస్మోడియన్ లేచి కూర్చుంటాడు. అమ్మయ్య అనుకుని, కాస్త ద్రాక్షసారా ఎక్కడైనా దొరుకుతుందేమోనని రాజభవనంలో ఒక చిన్న తలుపు తీస్తాడు. అవతల ఎవరో నిలబడి ఉన్నారు. ఆ మనిషిని అస్మోడియన్ గుర్తుపడతాడు, బెదిరిపోతాడు. అంతే, ప్రాణం పోతుంది. చచ్చి బతికాడు, బతికి చచ్చాడు. అవతల నిలబడ్డది ఎవరో రచయిత చెప్పలేదు.

ఆరో పుస్తకంలో చెబుతాడనుకున్నారు, చెప్పలేదు. ఏడు, ఎనిమిది కూడా వచ్చాయి. పాఠకులు సభల్లో లేచి అడిగేవారు. జోర్డన్ మాత్రం, చదివినవాడికి అది ఎప్పుడో తెలిసిపోవాలి అన్నట్టు మాట్లాడేవాడు. ఎవరేం అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది: చదివి తెలుసుకోండి. ఇది మన లెక్కల మాస్టార్లు చెప్పే జవాబు లాంటిదే. సూత్రం బోర్డు మీద ఉంది, లెక్క నువ్వే చెయ్యి.

అప్పుడు పాఠకులు ఏం చేశారన్నదే నా ప్రసంగానికి అసలు విషయం. ఎవరికి తోచిన పేరు వాళ్లు చెప్పి ఊరుకోలేదు. సాక్ష్యాలు పోగు చేశారు. నాకు నచ్చిన వాదన ఇలా సాగుతుంది.

చనిపోయేవాడు ఎదుటి మనిషిని గుర్తుపట్టాడు. కాబట్టి చంపినవారు అతనికి ముఖపరిచయం ఉన్నవారై ఉండాలి. తర్వాతి పుస్తకంలో చచ్చిపోయిన మాంత్రికులు ఇద్దరు కొత్త దేహాలతో తిరిగి వస్తారు. వాళ్ల కొత్త ముఖాలు అస్మోడియన్‌కు తెలియవు, కనుక వాళ్లు కాదు. ఇక లాన్‌ఫియర్. ఆమెకు కోపం ఉంది, కారణం ఉంది. కానీ ఈ దాడికి ముందే ఆమె ఒక మాయద్వారంలో పడి మాయమైంది. మొగీడియన్ సరిగ్గా ఆ పోరాటం జరుగుతున్న సమయంలోనే మరొకరి చేతిలో బందీ అయిపోయింది. ఇప్పుడు అదే పుస్తకం మొదటికి వెళ్లి చూడండి. నలుగురు కలిసి రాండ్ మీద పన్నాగం పన్నుతారు: రాహ్విన్, లాన్‌ఫియర్, సమ్మాయెల్, గ్రేండల్. పన్నాగం చెడిన తర్వాత, రాహ్విన్ ఏమయ్యాడో చూసి పోదామని ఆ భవనానికి రావలసిన అవసరం ఎవరికి ఉంటుంది? మిగిలింది ఇద్దరే. తీగ లాగితే డొంక కదలడం అంటే ఇదే.

ఇలా ఒక్కో అనుమానితుడి మీద పేజీలకు పేజీలు వాదనలు నడిచాయి. ఒక ముసలి గుర్రం కూడా ఉంది ఆ కథలో, పేరు బెలా. అదే హంతకి అని సరదాకి వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన చూసి నవ్వుకున్నా, దాన్ని కొట్టేయాలంటే కూడా పుస్తకం తెరిచి, ఆ రోజు ఆ గుర్రం ఎక్కడుందో వెతకాల్సిందే.

2006లో జోర్డన్‌కు గుండెకు సంబంధించిన అరుదైన జబ్బు ఉందని తెలిసింది. అప్పటికి 11 సంపుటాలు వచ్చాయి, ముగింపు మిగిలిపోయింది. 2007 సెప్టెంబర్ 16న ఆయన కన్నుమూశారు. వయసు 58. తను రాయలేకపోతే కథ ఆగిపోకూడదని ఆఖరి రోజుల్లో ఇంట్లోవాళ్లకు కథంతా చెప్పి రికార్డు చేయించారు, కాగితాల మీద గుర్తులు రాసిపెట్టారు. ముగింపు దృశ్యం చాలావరకు ఆయనే రాసి వెళ్లారు. ఆయన భార్య హారియట్ మెక్‌డూగల్, ఆ పుస్తకాలకు సంపాదకురాలు కూడా ఆమే. మిగిలిన పని ఆమె బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితకు అప్పగించారు. కుర్రతనం నుంచి ఆ పుస్తకాలు చదువుతూ, అందరిలాగే ఊహాగానాలు చేస్తూ పెరిగినవాడు అతను. 2009లో ఒకటి, 2010లో ఒకటి, 2013లో చివరిది, మొత్తం మూడు సంపుటాల్లో పూర్తి చేశాడు.

మన తెలుగువాళ్లకు ఇక్కడ నన్నయ గుర్తుకు రాకుండా ఉండడు. 11వ శతాబ్దంలో ఆయన మహాభారతం మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. తన రాజు పేరు మీద కాకుండా, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. అయితే ఒక తేడా ఉంది. ఎర్రనకు కథ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. శాండర్సన్ చేతికి వచ్చిన కథ చివర ఏమవుతుందో పాఠకులకు తెలియదు. అయినా ఇద్దరికీ పని ఒకటే: ముందువాడి గొంతు చెడకుండా ముడి విప్పాలి.

మరి హంతకుడెవరు? గ్రేండల్. 2010లో వచ్చిన పదమూడో సంపుటంలో తేలింది. ఎక్కడ తేలిందో తెలుసా? కథలో దూరంగా ఒక సూచన ఉంది గానీ, పేరు పెట్టి చెప్పింది మాత్రం పుస్తకం వెనక ఇచ్చే పేర్ల పట్టికలో. నాలుగు ముక్కల్లో. 17 ఏళ్లు ఎదురుచూసినవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు ఉసూరుమన్నారు. ఇంతేనా అన్నారు.

ఆ ఉసూరుమనడం గురించే నేను చాలాసార్లు ఆలోచించాను. జవాబు ఒక పేరు, అంతకన్నా ఏముంటుంది? ఆ 17 ఏళ్లలో ఆ పాఠకులకు దక్కింది వేరే ఉంది. ఒక పుస్తకాన్ని నాలుగుసార్లు చదవడం నేర్చుకున్నారు. పాత్ర చెప్పిన మాటకూ, రచయిత చెప్పిన మాటకూ తేడా పట్టడం నేర్చుకున్నారు. తమకు ఇష్టమైన వాదన వీగిపోతుంటే ఒప్పుకోవడం నేర్చుకున్నారు. కోర్టులో వకీలుకు, ఆస్పత్రిలో డాక్టరుకు, లెక్కల ఆఫీసులో ఆడిటరుకు కావలసింది ఈ విద్యే. ఆ వృత్తుల్లో ఉన్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు, కాదంటారేమో చూడండి.

దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. జార్జ్ మార్టిన్ రాసిన నవలల ఆధారంగా వచ్చిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్ మీ పిల్లలు చూసే ఉంటారు. అందులో జాన్ స్నో అనే కుర్రవాడి తల్లి ఎవరన్నది పెద్ద చిక్కు. మొదటి నవల వచ్చింది 1996లో. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, ఒక వాగ్దానం, నీలి గులాబీలు, నెత్తుటి పడక వంటి చిన్న చిన్న ఆనవాళ్లను కలుపుకుని కొందరు పాఠకులు జవాబు పట్టేశారు. సీరియల్ తీస్తామని వచ్చిన ఇద్దరు నిర్మాతలను మార్టిన్ అడిగిన ప్రశ్న కూడా అదే, ఆ కుర్రవాడి తల్లి ఎవరని. వాళ్లు సరిగ్గా చెప్పారు, అవకాశం దక్కింది. 2016లో తెర మీద ఆ గుట్టు విప్పారు.

పాఠకులు ముందే కనిపెట్టేస్తే రచయిత కథ మార్చేయాలా? మార్చనని మార్టిన్ గట్టిగానే చెబుతూ వచ్చాడు. మారిస్తే ముందు వేసిన ఆనవాళ్లన్నీ అబద్ధాలవుతాయి, శ్రద్ధగా చదివినవాడికి అన్యాయం చేసినట్టవుతుంది. ఇది చాలా మర్యాద గల మాట అని నాకు అనిపిస్తుంది. కానీ ఆయన అయిదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. విసుగెత్తినవాళ్లు ఆయన్ను తిడుతున్నారు కూడా. రచయిత మనకు బాకీ పడ్డాడా అంటే, పడలేదనే నేనంటాను. మనం కొన్నది ఆ పుస్తకం, ఆయన శేషజీవితం కాదు. కాకపోతే ఎదురుచూసేవాడి బాధ నిజమైనదే. దాన్ని వెక్కిరించనక్కర్లేదు.

మనకూ ఈ అనుభవం ఉంది. 2015 జూలైలో 'బాహుబలి' మొదటి భాగం విడుదలైంది. 2017 ఏప్రిల్‌లో రెండోది వచ్చేదాకా కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న అడగని ఇల్లు లేదు. అందరం తలా ఒక జవాబు చెప్పాం. కానీ 'సినిమాలో ఏం చూసి అలా అంటున్నావు?' అని ఎదుటివాణ్ని నిలదీసినవాళ్లు ఎంతమంది? అక్కడే కబుర్లకూ చదువుకూ మధ్య గీత ఉంది. ఊహ ఎవరైనా చేస్తారు. ఊహకు ఆధారం చూపించమంటే చదువు మొదలవుతుంది.

గురువులకు ఒక విన్నపం. మన పరీక్షల్లో పాఠం చివర ఏమైందని అడుగుతాం. ఏమవుతుందని అనుకుంటున్నావు, ఎందుకు అని అడగం. జవాబు తెలిసిన ప్రశ్నలకే మార్కులు వేస్తాం. పెద్దయ్యాక మనకు ఎదురయ్యేవన్నీ జవాబు తెలియని ప్రశ్నలే కదా.

అందుకని ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో ఖర్చు లేని పని ఒకటి చేద్దామని పూర్వ విద్యార్థుల సంఘాన్ని కోరుతున్నాను. లైబ్రరీలో తరగతికి ఒక లాంగ్ నోటు పుస్తకం పెడదాం. ఒక కథను టీచరుగారు చివరి భాగం ముందు ఆపేస్తారు. పిల్లలు తమ ఊహ రాయాలి. పక్కనే, ఏ పేజీలో ఏ వాక్యం చూసి అలా అనుకున్నారో రాయాలి. ఆ తర్వాతే ముగింపు చదవాలి. ఊహ నిజమైందా కాదా అన్నదానికి మార్కులొద్దు. చూపించిన వాక్యానికి మాత్రం తప్పకుండా ఒక మెచ్చుకోలు ఉండాలి. అందుకు కావలసిన కథల పుస్తకాలు మా బ్యాచ్ తరఫున మేం కొనిస్తాం.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కాలచక్రం పద్నాలుగో సంపుటం చివరి పేజీల్లో, ముడులన్నీ విడిపోయాయనుకున్న సమయంలో, కథానాయకుడు నిప్పు లేకుండా, కేవలం మనసులో అనుకుని తన పొగాకు గొట్టం వెలిగించుకుంటాడు. అది ఎలా సాధ్యమైందో పుస్తకం చెప్పదు. చదివి తెలుసుకోండి అనడానికి ఇప్పుడు జోర్డన్ లేడు. పాఠకులు మాత్రం మళ్లీ మొదటి పేజీకి వెళ్లారు.