స్కై అంటే ఆకాశం రంగు కాదు: మోడల్ విమానానికి సరైన పెయింట్ ఎలా ఎంచుకోవాలి?

పోయిన ఎపిసోడ్‌లో కిట్ అతికించడం, సందులు పుట్టీతో పూడ్చడం వరకూ వచ్చాం కదా. ఈ రోజు పెయింట్ గురించి మాట్లాడుకుందాం. కామెంట్లలో ఎక్కువమంది అడుగుతున్నది ఇదే: "అన్నా, ఏ బాటిల్ కొనాలి?" నేరుగా జవాబు చెప్పేయొచ్చు. కానీ ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తాను. అది వింటే ఏ బాటిల్ కొనాలో మీకే తెలుస్తుంది.

నా చేతిలో ఉన్న ఈ విమానం చూడండి. స్పిట్‌ఫైర్ మార్క్ 1, స్కేల్ 1/72. ఈ రెక్క చివరి నుంచి ఆ రెక్క చివరికి 15 సెంటీమీటర్లు కొంచెం దాటుతుంది, అంతే. ఈ విమానమే ఎందుకు చేశానంటే, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ అని ఒకటి ఉండేది. దాని పూర్తి పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. అవును, మన హైదరాబాదే. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. వాళ్ళ బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది. 1940 జులైలో ఈ స్క్వాడ్రన్ ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గర వార్మ్‌వెల్ అనే చోటికి వచ్చి, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడింది. ఇది తెలిశాక ఇంకో స్పిట్‌ఫైర్ చెయ్యాలనిపిస్తుందా చెప్పండి!

మా బాబాయి ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పుట్టినరోజుకి ఈ మోడల్ ఇద్దామని మొదలుపెట్టాను. పైన రెండు రంగులు, డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్. కింద పొట్ట మొత్తం ఒకటే రంగు, దాని పేరు స్కై. ఆన్‌లైన్‌లో పెయింట్లు ఆర్డర్ చేస్తూ స్కై అని వెతికాను. తామియా ఎక్స్‌ఎఫ్-19 కనిపించింది, పేరు స్కై గ్రే. "ఆ, ఇదే" అనుకుని కొనేశాను. కింద నీట్‌గా రెండు కోట్లు కొట్టి, డెకాల్స్ కూడా అతికించి, డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ముందు పైభాగం చూశారు, బాగుందన్నారు. తర్వాత తిరగేశారు. కాసేపు మాట్లాడలేదు. "ఏరా, కింద సిమెంటు పూశావేంటి?" అన్నారు.

నేను కొనాల్సింది ఎక్స్‌ఎఫ్-21. దాని పేరు ఉత్త స్కై. ఎక్స్‌ఎఫ్-19 వేరే రంగు, బూడిద రంగు. తప్పు బాటిల్‌ది కాదు, పేరు సగమే చదివిన నాది. రెండు నెలల పని, పాకెట్ మనీలో మిగిల్చిన డబ్బులు, అంతా ఒక్క పదం దగ్గర పోయింది.

సరే, అసలు స్కై అంటే ఏ రంగు? ఆకాశం కదా, లేత నీలం అనుకుంటాం. కాదు. లేత ఆకుపచ్చ, అందులో కొంచెం పసుపు ఛాయ. బాతు గుడ్డు పెంకు చూశారా ఎప్పుడైనా, దాదాపు అలా. ఈ రంగు వెనక ఒక కథ ఉంది. సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియన్, యుద్ధం మొదట్లో బ్రిటన్ కోసం రహస్యంగా ఆకాశం నుంచి ఫొటోలు తీసే దళాన్ని నడిపాడు. తన విమానాలకి లేత ఆకుపచ్చ రంగు వేయించి, దానికి కామోటింట్ అని పేరు పెట్టాడు. ఆ ఆలోచన ఎలా వచ్చిందో కూడా చెబుతారు. జోధ్‌పూర్ మహారాజా సొంత విమానం ఒకటి అలాంటి రంగులో ఉండేదట, అది పైకి లేచిన కాసేపటికే ఆకాశంలో కలిసిపోయి కనపడకుండా పోయిందట. కథ ఎంతవరకు నిజమో గానీ, స్కై రంగు మూలం కాటన్ కామోటింట్ దగ్గరే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. 1940 జూన్ వరకూ బ్రిటన్ ఫైటర్లకి కింద ఒక రెక్క నల్లగా, ఇంకో రెక్క తెల్లగా ఉండేది. కింద ఉన్న మనవాళ్ళు గుర్తుపట్టి కాల్చకుండా ఉండటానికి. జూన్‌లో ఆర్డర్ మారింది, కింద మొత్తం స్కై వెయ్యమన్నారు. ఆర్డర్ వచ్చింది గానీ, అన్ని చోట్లా సరిపడా పెయింట్ లేదు. కొన్నిచోట్ల ఉన్న రంగులు కలిపి దగ్గర్లో ఉన్నది ఏదో కొట్టేశారు. పైగా కాగితాల్లో ఒకచోట స్కై అని, ఒకచోట డక్ ఎగ్ బ్లూ అని రాశారు. డక్ ఎగ్ బ్లూ అన్న మాట చదివినవాడు నీలం వైపు వెళ్ళిపోతాడు కదా. స్కై టైప్ ఎస్ అని కూడా కనిపిస్తుంది. ఎస్ అంటే స్మూత్, నున్నటి ఫినిష్ అని మాత్రమే. అది వేరే రంగు కాదు.

అందుకే నేను ఇప్పుడు ఏ విమానం మొదలుపెట్టినా పెయింట్ షాపు దగ్గర మొదలుపెట్టను. ముందు ఏ విమానం, ఏ స్క్వాడ్రన్, ఏ నెల, ఎక్కడ, ఇవి తేల్చుకుంటాను. ఒక్క స్పిట్‌ఫైరే తీసుకోండి. 1940 మేలో కింద నలుపు తెలుపు. ఆగస్టులో స్కై. అదే 1941 ఆగస్టు తర్వాత అయితే పైన డార్క్ ఎర్త్ పోయి దాని స్థానంలో ఓషన్ గ్రే వచ్చింది, కింద స్కై పోయి మీడియం సీ గ్రే వచ్చింది. విమానం పేరు ఒకటే, ఏడాదిన్నర లోపల మూడు వేషాలు. కిట్ డబ్బా మీద బొమ్మ చూసి రంగులు కొనేస్తే ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

తేదీ తేలాక, ఆ రంగుకి అధికారికంగా ఒక నంబర్ ఉందేమో చూడాలి. బ్రిటన్ రంగులకి బీఎస్ 381సీ అని ఒక స్టాండర్డ్ ఉంది, అందులో స్కై నంబర్ 210. జర్మన్ విమానాలకి ఆర్‌ఎల్‌ఎం నంబర్లు, 74, 75, 76 అలా. అమెరికా విమానాలకి ఎఫ్‌ఎస్ 595, అయిదంకెల నంబర్లు. ఈ అయిదంకెలు చదవడం వస్తే చాలా హాయి. ఎఫ్-16 మీద మూడు గ్రేలు ఉంటాయి: 36118, 36270, 36375. మొదటి అంకె మెరుపు చెప్తుంది: 1 అయితే గ్లాస్, 2 సెమీ గ్లాస్, 3 మ్యాట్. రెండో అంకె రంగు కుటుంబం, 6 అంటే గ్రే. మిగతా మూడంకెలు పెరిగేకొద్దీ రంగు లేతబడుతుంది. అంటే బాటిల్ మూత తీయకుండానే 36118 ముదురు, 36375 లేత అని చెప్పేయొచ్చు. ఆ మధ్య ఒక తమ్ముడు 16375 కొని, "అన్నా, నంబర్ కరెక్టే కదా, ఎందుకు మెరుస్తోంది" అని అడిగాడు. మొదటి అంకె చూడు తమ్ముడూ!

నంబర్ కూడా దొరికాక చివర్లో బాటిల్. ఇక్కడ బాటిల్ మీద పేరుని గుడ్డిగా నమ్మకండి. ఒకే ఎఫ్‌ఎస్ నంబర్ రాసిన రెండు కంపెనీల బాటిళ్ళు పక్కపక్కన పెడితే తేడా కనిపించడం మామూలే. ఎవరూ మోసం చెయ్యట్లేదు. రకం వేరు, ఫినిష్ వేరు, 1/72కి కాస్త లేతగా చేసినవాళ్ళు కొందరు.

మరి ఎలా తేల్చుకోవాలి? ప్లాస్టిక్ స్పూన్లు కొనండి. ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఇస్తారే, అవే. మోడల్‌కి వేసిన ప్రైమరే స్పూన్ వెనక వెయ్యండి, ఎందుకంటే తెల్ల ప్రైమర్ మీద ఒకలా, బూడిద ప్రైమర్ మీద ఇంకోలా కనిపిస్తుంది, ముఖ్యంగా లేత రంగులు. దాని మీద మీ రంగు రెండు కోట్లు. తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించకండి, ఒక రోజు ఆరనివ్వండి. ఆరాక రంగు మారుతుంది. సగం స్పూన్‌కి మీరు చివర్లో వేసే వార్నిష్ వెయ్యండి, గ్లాస్ అయితే రంగు ముదురుతుంది, మ్యాట్ అయితే కాస్త తేలుతుంది. స్పూన్ కాడ మీద పర్మనెంట్ మార్కర్‌తో బాటిల్ నంబర్, తేదీ రాయండి. నా దగ్గర ఇప్పుడు ఒక బూట్ల డబ్బా నిండా స్పూన్లున్నాయి. అమ్మ రెండుసార్లు పారెయ్యబోయింది.

ఆ స్పూన్‌ని పగటి వెలుగులో చూడండి, నేరుగా ఎండలో కాదు, కిటికీ పక్కన. ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా కలిసిన రెండు రంగులు బయటికి తీసుకెళ్తే విడిపోవచ్చు. చీరకి మ్యాచింగ్ బ్లౌజ్ కొనేటప్పుడు షాపు బయటికి తెచ్చి చూస్తారే, అదే కారణం. ఇంకోటి, స్పూన్‌ని ఒంటరిగా చూడకండి. పక్కన వచ్చే రంగుతో పెట్టి చూడండి. స్కై ఒక్కటే చూస్తే తెల్లగా అనిపిస్తుంది, డార్క్ గ్రీన్ పక్కన పెడితే పచ్చదనం బయటపడుతుంది.

ఫోన్ సంగతి చెప్పాలి. చాలామంది నాకు ఫొటో పంపి "అన్నా, షేడ్ కరెక్టేనా" అంటారు. నిజంగా చెప్పలేను ఫ్రెండ్స్. ఫోన్ కెమెరా తనంతట తానే వెలుగుని, రంగుని సర్దేస్తుంది. అదే విమానాన్ని తెల్ల కాగితం మీద ఒకసారి, ఎర్ర దుప్పటి మీద ఒకసారి పెట్టి ఫొటో తీసి చూడండి, మీకే తెలుస్తుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు చూసి రంగు చెప్పడం ఇంకా ప్రమాదం. అప్పట్లో ఒక రకం ఫిల్మ్‌లో పసుపు నల్లగా, నీలం తెల్లగా పడేది. బ్రిటిష్ రౌండెల్ చుట్టూ ఉండే పసుపు వలయం కొన్ని ఫొటోల్లో దాదాపు నల్లగా కనిపిస్తుంది. అది చూసి నలుపు వేసినవాళ్ళున్నారు.

స్కేల్ ఎఫెక్ట్ అని కూడా వింటుంటారు. చిన్న మోడల్ అంటే దూరం నుంచి చూసిన విమానం లాంటిది కాబట్టి రంగు లేతగా ఉండాలి అని వాదన. 1/72కి 15 శాతం తెలుపు కలపమని ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. నేను ఆ లెక్క వాడను. తెలుపు కలిపితే కొన్ని రంగులు సున్నం వేసినట్టు పాలిపోతాయి. ముదురు రంగుల్లో ఒకటి రెండు చుక్కలు, స్పూన్ మీద చూసి నచ్చితేనే.

కలిపేటప్పుడు ఒక్క మాట. ముదురుని లేతలోకి చుక్క చుక్కగా వెయ్యండి. తిరగేసి చేస్తే బాటిల్ మొత్తం ఖర్చయినా లేత రాదు. చుక్కలు లెక్కపెట్టి రాసుకోండి. ఒక కుటుంబం పెయింట్‌ని ఇంకో కుటుంబంతో కలపకండి. తామియా ఆక్రిలిక్‌లో వల్లేహో వేస్తే విరిగిన పాలలా ముద్దలు కడుతుంది. హాస్టల్ గదిలో ఉంటే నీళ్ళతో పలచబడే రకాలు చాలు. లాకర్ వాసన రూమ్‌మేట్ భరించలేడు, మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. వాడాల్సి వస్తే సరైన రెస్పిరేటర్ మాస్క్, కిటికీ బార్లా తెరవండి.

ఇంత చేసినా నూటికి నూరు శాతం కలుస్తుందా? బాబాయిని అడిగాను. ఆయన నవ్వారు. ఒకే షెడ్‌లో ఉన్న రెండు విమానాలు ఎప్పుడూ ఒకే రంగులో లేవన్నారు. ఒకటి నెలల తరబడి ఎండలో నిలబడింది, ఒకదానికి రిపేర్ చేసి ప్యానెల్ మార్చారు, ప్యాచ్ వేసిన చోట కొత్త పెయింట్ మెరుస్తూనే ఉండేది. "మరి నా సిమెంటు కూడా ఓకేనా బాబాయ్" అన్నాను. "ఎండకి వెలిసింది వేరు, తప్పు డబ్బా తెరిచింది వేరు" అన్నారు. నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి కింద డెకాల్స్ టేప్‌తో లాగేశాను, సన్నటి ఎమెరీ పేపర్ నీళ్ళలో ముంచి పైపైన రుద్ది, మళ్ళీ ప్రైమర్ వేసి ఎక్స్‌ఎఫ్-21 కొట్టాను. కొట్టేముందు మూడు స్పూన్లు చేశాను. బాటిల్‌ది బాటిల్‌లా ఒకటి, తెలుపు కలిపింది ఒకటి, కాస్త నీలం కలిపింది ఒకటి. 1940లో ఉన్న రంగులు కలుపుకున్నారని చెప్పాను కదా, ఆ మూడోది కూడా తప్పు కాకపోవచ్చు. కానీ నా విమానానికి అలా వేశారని నా దగ్గర ఆధారం లేదు, అందుకే మొదటిదే వేశాను. ఇప్పుడు అది బాబాయి టీవీ పక్కన ఉంది, తిరగేసి పెట్టారు, పొట్ట పైకి. వచ్చినవాళ్ళకి సిమెంటు కథ చెప్పడానికట.

తర్వాతి మోడల్ కూడా అదే స్క్వాడ్రన్‌ది. తర్వాత వాళ్ళు మన దేశం మీదుగా బర్మా యుద్ధానికి వచ్చారు. అక్కడ జపాన్ ఎర్ర గుండ్రం గుర్తుతో కన్ఫ్యూజ్ కాకుండా రౌండెల్‌లో ఎరుపు తీసేసి, ముదురు నీలం మధ్యలో లేత నీలం పెట్టారు. ఆ లేత నీలం కోసం నీలంలో తెలుపు కలిపి ఇప్పటికి ఏడు స్పూన్లు చేశాను, అన్నీ కిటికీలో ఆరుతున్నాయి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిని చూపిస్తాను, ఏది సరిగ్గా ఉందో కామెంట్లో మీరే చెప్పండి. ఫోన్ స్క్రీన్ మీద చూసి చెప్తున్నారని గుర్తుపెట్టుకోండి మరి! ఉంటాను, బై ఫ్రెండ్స్.