శాస్త్ర వ్యాసములందు ఆధార సూచనలు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు నిత్యము వచ్చువారికి ఒక సంగతి అనుభవముచే తెలిసినదే. వేయి పుస్తకములున్న గదిలో ఒక పుస్తకము స్థానము తప్పి వేరొక బీరువాలో చేరినచో, అది ఉండియు లేనిదానితో సమానము. గ్రంథపాలకుడు పుస్తకము వెన్నుపై అంటించు చిన్న కాగితము, దానిపై వ్రాయు సంఖ్య, చూపునకు అల్పములు. కాని చదువరికిని పుస్తకమునకును నడుమ దారి అదియే. శాస్త్రజ్ఞులు తమ వ్యాసముల చివర వరుసగా వ్రాయు ఆధార సూచనలు సరిగా ఇట్టివే. తెలియనివారికి అవి చుక్కలు, కామాలు, అంకెల గుంపు. తెలిసిన పరిశోధకులలోను పలువురు ఆ పనిని చివరి దినమునకు నెట్టి, వ్రాతప్రతిని పత్రికకు పంపు వేళ విసుగుతో ముగించుదురు. ఆ విసుగు సహజమే. అందువలన కలుగు నష్టము మాత్రము వారొక్కరిది కాదు.

ఒక్క సూచనను విప్పి చూచినచో ఈ సంగతి తేటపడును. 1925వ సంవత్సరమున అమెరికాలో వెలువడు ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ అను పత్రికలో ఒక వ్యాసము అచ్చయినది. రక్తమూత్రాదులలో భాస్వరమెంత ఉన్నదో తేల్చుటకు అందులో ఒక సులభ మార్గము చెప్పబడినది. ఆమ్లముతో మాలిబ్డేటు చేర్చి, పిమ్మట మరియొక మందు కలిపినచో ద్రవము నీలివర్ణము దాల్చును. భాస్వరము ఎంత హెచ్చో నీలిమ అంత చిక్కన. ఆ రంగును పరిమాణము తెలిసిన ద్రవపు రంగుతో సరిపోల్చి లెక్క కట్టుదురు. వ్రాసినవారు ఇద్దరు: ఒకరు హార్వర్డు వైద్య కళాశాలకు చెందిన సైరస్ ఫిస్కే, రెండవవారు ఆయనతో పనిచేయుచుండిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో భీమవరమున జన్మించినవారు. తరువాతి తరముల పరిశోధకులు ఆ పద్ధతిని వాడినప్పుడెల్ల తమ వ్యాసము చివర ఇట్లు వ్రాయుచు వచ్చిరి: ఫిస్కే, సి. హెచ్., సుబ్బారో, వై., జె. బయొల్. కెమ్., 66, 375 (1925).

ఇంత చిన్న పంక్తిలో వృథాగా పడిన అక్షరము లేదు. 66 అనునది సంపుటము, 375 వ్యాసము మొదలగు పుట, కుండలీకరణములోనిది సంవత్సరము. పత్రిక పేరును అందరును అంగీకరించిన పొడి అక్షరములతో కుదించిరి. ఎవరికి తోచినట్లు వారు కుదించినచో ఒక పత్రిక మరియొకటిగా పొరపడును. అందుచేతనే దానికి సైతము నియమములు ఏర్పడినవి. టోకియోలో గాని, హైదరాబాదులో గాని, ఆ సంపుటములున్న ఏ గ్రంథాలయములోనైనను, రచయితలను ఎన్నడును చూడని మనిషి నేరుగా ఆ పుట తెరువగలడు. పాత పద్ధతిలో కాగితము ఆదా చేయుటకై వ్యాసము పేరును వదలివేసెడివారు. తరువాత పెక్కు పత్రికలు పేరు కూడ కావలెననినవి. అది మంచి మార్పు. అచ్చులో 375 కాస్త 357 అయినను, పేరు ఉన్నచో వెదకువాడు దారి పట్టుకొనగలడు.

సూచనలు వ్రాయు తీరులు అనేకములు. వానిలో ప్రధానమైనవి రెండు. వాక్యము మధ్యనే రచయిత పేరును, సంవత్సరమును చూపు తీరు మొదటిది. 1881లో హార్వర్డులోని జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు మార్కు తన వ్యాసములో దీనిని వాడినట్లు చెప్పుదురు. రెండవది, వాక్యములో అంకె మాత్రముంచి, చివర ఆ వరుసలోనే వివరమిచ్చునది. వైద్య పత్రికల సంపాదకులు కొందరు 1978లో కెనడాలోని వాంకూవరులో సమావేశమై వ్రాతప్రతులకు ఉమ్మడి నియమములు కూర్చిరి. అంకెల తీరునకు ఆ నగరము పేరే స్థిరపడినది. అంకెల తీరు స్థలమును ఆదా చేయును. కాని నడుమ ఒక సూచన కొత్తగా చేర్చినచో దాని వెనుకవన్నియు సంఖ్య మార్చుకొనవలెను. నేడు ఆ చాకిరి కంప్యూటరు చేయుచున్నది. అయితే ఆ యంత్రము తనకిచ్చిన తప్పును గూడ అంతే శ్రద్ధతో అందముగా అమర్చి పెట్టును!

తెలుగువారికి దగ్గరి చిక్కు మరియొకటి కలదు. తెలుగునాట ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. పాశ్చాత్యులకు ఇది తలక్రిందులు. సూచిక వ్రాయు నియమము చివరి పదమునే వంశనామముగా ఎంచి ముందు నిలిపి, తక్కిన వానిని పొడి అక్షరములుగా కుదించును. అందుచే యెల్లాప్రగడవారి వంశము ‘వై’ అను ఒక్క అక్షరమై మిగిలెను. ఆయన తన పేరు చివర ఇంగ్లీషులో వ్రాసుకొన్న అక్షరములు వేరు, ఇతర రావులు వ్రాయునవి వేరు. ఒకరు ఆయన వ్రాసినట్లును, మరియొకరు తమకు తోచినట్లును వ్రాసినచో సూచికలో ఒక మనిషి ఇద్దరగును. కల్యంపూడి రాధాకృష్ణారావుగారి విషయము మరియు చిత్రము. సంఖ్యాశాస్త్రమునకు మూలస్తంభమనదగిన వారి 1945 నాటి వ్యాసము కలకత్తా గణిత సంఘపు పత్రిక 37వ సంపుటమున 81వ పుటలో ఉన్నది. సూచికలో ఆయన ‘రావు, సి. ఆర్.’ అయిరి. ఇంటిపేరును, పెట్టిన పేరును రెండును అక్షరములుగా మారగా, వేలమందికి ఉమ్మడియైన ‘రావు’ ముందు నిలిచెను. ఇట్టి గందరగోళమును తప్పించుటకే 2012 నుండి ‘ఆర్కిడ్’ అను సంస్థ పరిశోధకులకు ఎవరిది వారికి 16 స్థానముల గుర్తింపు సంఖ్య ఇచ్చుచున్నది.

సూచన తప్పినచో పోవునది దారి మాత్రమే కాదు, దక్కవలసిన గౌరవము కూడ. కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావుగార్లు వేర్వేరుగా కనుగొనిరి. లోమన్ వ్యాసము జర్మను పత్రిక 17వ సంపుటము 624వ పుటలోను, వీరిది ‘సైన్సు’ పత్రిక 70వ సంపుటము 381వ పుటలోను ఉన్నవి. రెండును వ్రాసిన రచయిత చరిత్రను పూర్తిగా అందించును. ఒకటే వ్రాసినవాడు, తెలియకయే, ఒక పక్షమును చెరిపివేయును; అతనిని చూచి వ్రాయువారును అట్లే చేయుదురు.

అట్లు చూచి వ్రాయుట ఎంత విరివియో 2003లో లాస్ ఏంజెలిస్‌లోని ఇరువురు పరిశోధకులు లెక్క వేసిరి. సూచనలలోని అచ్చుతప్పులే వారికి సాక్ష్యములు. ఒకే తప్పు సంఖ్య పలువురి వ్యాసములలో మరల మరల కనబడినచో, వారెవ్వరును అసలు పుట తెరువలేదనుట స్పష్టము గదా! సూచన వ్రాసినవారిలో మూల వ్యాసమును చదివినవారు అయిదింట ఒక వంతు మాత్రమేనని వారి అంచనా. పరీక్షలో ప్రక్కవాని తప్పును సైతము ఎక్కించుకొని పట్టుబడు బాలుడు ఇచ్చట పెద్దల రూపమున దర్శనమిచ్చును.

2000 నుండి ‘డి.ఓ.ఐ.’ అను స్థిర సంఖ్యలు వాడుకలోనికి వచ్చినవి. పత్రిక ఇంటర్నెట్టులో తన నెలవు మార్చుకొన్నను ఆ సంఖ్య వ్యాసమునొద్దకే చేర్చును. పాత వ్యాసములకు సైతము ఇట్టి సంఖ్యలు ఇచ్చిరి. 1925 నాటి ఆ వ్యాసమునకును ఒకటి కలదు. భీమవరమున కూర్చున్న విద్యార్థి ఆ సంఖ్యను తప్పులేకుండ కొట్టినచో, 66వ సంపుటము 375వ పుట అతని యెదుట తెరచుకొనును.